గోడ ఆరకముందే రంగు వేసి వెళ్లారు, మిగతా డబ్బు కట్టాలా?

ప్రశ్న: మేం ఇంట్లో లేనప్పుడు బాత్‌రూం గోడలో పైపు పగిలి అన్ని గదుల్లోకీ నీళ్లు వచ్చేశాయి. నీళ్లు తోడి, ఆరబెట్టి, ఇల్లు మళ్లీ మామూలు చేస్తామనే ఒక సంస్థను పిలిచాం. సగం అడ్వాన్సు, మిగతా సగం పని పూర్తయ్యాక అని వాట్సాప్‌లో అనుకున్నాం. రెండు రోజులు ఫ్యాన్లు తిప్పి, మూడో రోజు పుట్టీ పెట్టి రంగు వేసేశారు. 'పని సంతృప్తికరం' అన్న కాగితం మీద నా సంతకం కూడా తీసుకున్నారు. నెల తిరక్కముందే రంగు పొక్కులు లేచింది, బీరువా వెనక నల్లగా బూజు పట్టింది. అడిగితే 'ఇది కొత్త లీకు, మాకు సంబంధం లేదు, గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది, ముందు బ్యాలెన్స్ కట్టండి' అంటున్నారు. కట్టాలా? వేరేవాళ్లతో చేయించుకోవచ్చా? ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కానీ వాళ్లకింకా చెప్పలేదు.
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: బ్యాలెన్స్ సంగతి తర్వాత. ముందు ఆ గోడను ఎవరితోనూ చెక్కించకండి. ఇలాంటి గొడవల్లో చాలామంది కోపంలో చేసే పని అదే, మర్నాడే ఇంకో మేస్త్రీని పిలిచి ప్లాస్టర్ అంతా కొట్టించేసి, ఆరు నెలల తర్వాత వకీలు దగ్గరికి వచ్చి న్యాయం చేయమంటారు. అప్పటికి చూపించడానికి ఏముంటుంది, కొత్త గోడ, కొత్త రంగు, పాత బిల్లు. మీకున్న అతి పెద్ద సాక్ష్యం ఇప్పుడు తడిగా ఉన్న ఆ గోడే.

వాళ్లు తప్పించుకోవడానికి పట్టుకున్న మాట 'కొత్త లీకు' కాబట్టి దెబ్బ అక్కడే కొట్టాలి. ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి, మీటర్ ఉంటే ఒక గంటపాటు దాని ముల్లు కదులుతోందో లేదో వీడియో తీయండి. కదలకపోతే ఆ మీటర్ నుంచి నేరుగా వచ్చే మంచినీళ్ల లైన్‌లో లీకు లేదనే చెప్పాలి. డ్రైనేజీ పైపును మాత్రం ప్లంబర్‌తో విడిగా చూపించి ఒక చీటీ రాయించుకోండి. ఇంకోటి, పొక్కులు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూడండి. లీకైతే సాధారణంగా తడి ఒక చోట మొదలై మచ్చలా చుట్టూ పాకుతుంది. నేల మీద నిలిచిన నీటిని గోడ పీల్చుకుంటే అన్ని గదుల్లోనూ అడుగు నుంచి దాదాపు ఒకే ఎత్తు వరకు చార కనిపిస్తుంది. మీ ఇంట్లో ఆ చార గది తర్వాత గదికి అదే ఎత్తులో ఉంటే, పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీయండి, వకీళ్లు రెండు పేజీలు రాసినదానికంటే అది గట్టిగా మాట్లాడుతుంది. తేమ కొలిచే మీటర్ ఉన్నవాళ్లను పిలిపించి దెబ్బతిన్న గోడా, అదే ఇంట్లో నీళ్లు తగలని గోడా రెండూ కొలిపించండి. ఈ మీటర్లు చాలావరకు చెక్క కోసం చేసినవి, ప్లాస్టర్ మీద ఒక్క అంకె చూపిస్తే అవతలి పక్షం ఎగతాళి చేస్తుంది, పక్కపక్కన రెండు అంకెలు చూపిస్తే నోరు మూసుకుంటుంది.

అయితే సాక్ష్యం కదా అని నెలల తరబడి బూజును పెంచుకుంటూ కూర్చోకూడదు. కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు, నష్టాన్ని తగ్గించుకునే మార్గం మీకుందా, మీరు ఏం చేశారు అన్నది కూడా చూస్తారు. కాబట్టి బీరువా జరపండి, గాలి ఆడనివ్వండి, పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టకండి, ఈలోపు నోటీసు పంపండి.

నోటీసులో పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఏ తేదీన పని, ఎంత ఇచ్చాం, ఇప్పుడు ఏం కనిపిస్తోంది, పదిహేను రోజుల్లో మీ మనిషిని పంపి చూసి ఉచితంగా సరిచేయండి, లేదంటే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాం, అంతవరకు బ్యాలెన్స్ ఆపుతున్నాం. ఇంతే. స్పీడ్ పోస్టులో పంపి, అదే కాపీ వాట్సాప్‌లోనూ పెట్టండి. 'పని పూర్తయ్యాక' మిగతా సగం అన్నది మీ ఒప్పందం. నీటి నష్టం బాగుచేయడమంటే ముందు ఆరబెట్టడం, ఆ తర్వాతే రంగు. మొదటిది చేయకుండా రెండోది చేసినవాళ్లు పని పూర్తయిందని బ్యాలెన్స్ అడగలేరు. కాంట్రాక్ట్ చట్టం 54వ సెక్షన్ చెప్పేదీ ఇదే, తన వంతు ముందు నెరవేర్చాల్సినవాడు అది చేయకుండా అవతలివాణ్ని నిలదీయలేడు. కానీ నోరు మెదపకుండా డబ్బు ఎగ్గొట్టినట్టు కనిపించకూడదు, ఎందుకు ఆపుతున్నారో రాతలో ఉండాలి.

సంతకం పెట్టేశానని మీరు టెన్షన్ పడుతున్నారు. ఆ రోజు పైకి కనిపించినదానికి మీరు సంతకం పెట్టారు. రంగు కింద తడి ఉందని మీకెలా తెలుస్తుంది? దాచిన లోపానికి సంతృప్తి కాగితం అడ్డు రాదు, వాళ్లు దాన్ని చూపిస్తారు, మీరు జవాబు చెప్తారు, అంతవరకే. బిల్లు మీద 'గ్యారంటీ లేదు' అన్న అచ్చు లైను ఇంకా బలహీనం. పని ఒప్పుకున్న రోజు చెప్పని షరతును పనయ్యాక చేతిలో పెట్టిన కాగితం మీద వేస్తే అది ఒప్పందంలో భాగమైపోదు. కూలీలు మా వాళ్లు కాదు, సబ్ కాంట్రాక్టర్ వాళ్లు అని కూడా అనొచ్చు, అననివ్వండి. మీరు డబ్బిచ్చింది ఎవరికో వాళ్లే జవాబుదారీ.

పదిహేను రోజులు గడిచినా కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం అంటే సేవాలోపమే. సంస్థ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, పనికి మీరిచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు (నా వృత్తికి ఇది మంచిది కాదనుకోండి, అయినా చెప్తున్నా). గడువు 2 ఏళ్లు. లోపం సరిచేయడం, డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు, ఇవన్నీ అడగొచ్చు. ఊరికే కోట్లు రాయకండి, పాడైన సామాన్ల జాబితా, బిల్లులు ఉన్నంతవరకే అడిగితే మీ మాటకు విలువ ఉంటుంది. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు ఎగిరిపోకుండా చూసుకోండి, అడ్వాన్సు మాట ఉన్నది అందులోనే.

ఇన్సూరెన్స్ దగ్గర మీరు ఆలస్యం చేశారు, ఇంకా ఆలస్యం చేయకండి. ఈ జవాబు చదివిన రోజే మెయిల్ పెట్టండి. పైపులు, ట్యాంకులు పగిలి వచ్చే నష్టం భారత్ గృహ రక్ష లాంటి ఇంటి పాలసీల్లో ఉంటుంది. మెల్లగా ఊరే తడి, పాతబడి అరిగిపోవడం మాత్రం ఇవ్వరు. అందుకే రాసేటప్పుడు 'తేమ సమస్య' అనకండి, ఫలానా రోజు పైపు పగిలింది అని రాయండి, పగిలిన పైపు ముక్క ఇంకా ఉంటే పారేయకండి. ఆలస్యం ఒక్కటే కారణంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు, నెలలోగా జవాబు రాకపోతే లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ తరఫున సర్వేయర్ వచ్చి చూసేవరకు గోడ అలాగే ఉండాలన్నది ఇక్కడా వర్తిస్తుంది. 'ఇన్సూరెన్స్ మేం చూసుకుంటాం, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టండి' అనే రిపేర్ వాళ్లు కూడా ఉంటారు, పెట్టకండి.

ఇక వేరేవాళ్లతో చేయించుకునే సంగతి. నోటీసు గడువు అయిపోయి, సర్వేయర్ చూసి వెళ్లాక నిరభ్యంతరంగా చేయించుకోండి. ఈసారి 'ఆరబెడతాం' అన్న మాటను అలా వదిలేయొద్దు. ఏ గోడ, ఏ గది, ఏ యంత్రం, పొడి గోడతో సమానమైన రీడింగ్ వచ్చేవరకు పుట్టీ పెట్టకూడదు, రోజూ రీడింగ్ రాసి ఫొటో పంపాలి, ఆఖరి వాయిదా ఆ రీడింగ్ చూశాకే, ఇలా ఒక పేజీ రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి, మెసేజ్‌లో అయినా సరే. బిల్లు అడిగితే ఇవ్వనివాళ్లను అక్కడికక్కడే పంపేయండి, బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టమే అంటోంది. పని మొదలుపెట్టే ముందు ఆ కొత్తవాళ్లతో పాత పని ఎందుకు చెడిందో వాళ్ల లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించుకోండి, పుట్టీ ఒకచోట గీకి లోపలి ప్లాస్టర్ తడిని మీ ముందే చూపించమనండి, ఆ గీకినచోట తీసిన ఫొటో, ఆ కాగితం రెండూ ఫిర్యాదుకు జతచేయండి.