ఇషాపూర్ రైఫిల్ కొన్న మా అబ్బాయికి

చిరంజీవి చిన్నాకి బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక మూసే ఇనుప కడ్డీ) పిడి కింద, కుడివైపు ఇనుప పట్టీ మీద కిరీటం, జీఆర్ఐ అక్షరాలు (అప్పటి రాజు జార్జ్ ముద్ర), ఇషాపూర్, 1942. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన లీ ఎన్‌ఫీల్డ్, నంబర్ 1 మార్క్ 3 స్టార్ అనే మోడల్. చిన్నప్పుడు ఊళ్లో బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్ల భుజాన చూసిన త్రీనాట్‌త్రీ ఇదేరా. డాలస్ గన్ షోలో అది కంటపడితే కొనకుండా ఉండలేకపోయానన్నావు, నేనైనా అంతే. కానీ శనివారమే షూటింగ్ రేంజ్‌కి పట్టుకెళ్తానన్నావు చూడు, అక్కడ ఆగు. 80 ఏళ్లు దాటిన తుపాకీ. ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఎవరు ఏ భాగం మార్చారో మనకు తెలియదు. అమ్మినవాడికీ తెలియదు.

ముందు డీపీ అనే అక్షరాలు ఎక్కడైనా కొట్టి ఉన్నాయేమో చూడు. డ్రిల్‌కి మాత్రమే అని పక్కనపెట్టిన తుపాకుల మీద ఆ ముద్ర వేసేవారు. ఎన్‌సీసీలో మీ నాన్నా నేనూ పరేడ్ గ్రౌండ్‌లో మోసినవి అవే. అలాంటిదైతే గోడకు తగిలించుకో, తూటా మాత్రం పెట్టకు. తర్వాత బోల్ట్ మీది నంబరూ, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప దేహం) మీది నంబరూ కలుస్తున్నాయా చూడు. కలవకపోతే ఇంకో తుపాకీ బోల్ట్ దీనికి తగిలించారన్నమాట. అలాంటివి చాలానే తిరుగుతున్నాయి, దానికి కంగారుపడక్కర్లేదు. కాకపోతే హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ మూశాక తూటా అంచుకు మిగిలే చోటు, గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించడం తప్పనిసరి.

నంబర్లు కలిసినా చూపించు. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది కదా, తూటాను ఛాంబర్‌లో (పేలేముందు అది కూర్చునే గదిలో) ఆపేది అదే. బోల్ట్ మూశాక ఆ అంచు వెనక సందు ఎక్కువుంటే, పేలినప్పుడు ఇత్తడి కేసు సాగి అడుగు దగ్గర తెగుతుంది, వేడి గ్యాస్ వెనక్కి, నీ మొహం మీదికి తన్నుతుంది. గన్‌స్మిత్ దగ్గర గేజులుంటాయి. 0.064 అంగుళాల గేజ్ మీద బోల్ట్ హాయిగా మూసుకోవాలి, 0.074 దాని మీద మూసుకోకూడదు. ఐదు నిమిషాల పని. గేజులు నా దగ్గరా ఉన్నాయి, డాలస్ వచ్చినప్పుడు తెస్తాను. ఆగలేకపోతే నువ్వే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లు. మొదటి రోజు కాల్చాక ఖాళీ కేసులు ఏరుకుని వెలుతురులో చూడు. అడుగుకు కాస్త పైన తళతళలాడే గీత చుట్టూ తిరిగి కనిపిస్తే ఇంక కాల్చకు.

బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) కొంచెం ఊగుతోందని రాశావు. వెనక ఇత్తడి మూత తీసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ దూర్చి బిగించేద్దామని చెయ్యి దురద పెడుతుంది. పెట్టకు. బట్‌ను పట్టి ఉంచే లోపలి బోల్ట్ వేరు, దాని కొస నలుపలకగా ఉండి, ముందు చెక్కలో దాచిన చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. ముందు చెక్క ఊడదీయకుండా దాన్ని తిప్పావంటే పలకతో పాటు చెక్క కూడా నిలువునా చీలుతుంది. ఆ చెక్క మళ్లీ దొరకదు, దొరికినా అమర్చడం మాటలు కాదు. ముందు చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తే మాత్రం పాడైందనుకోకు, చెక్క చీలకుండా ఇషాపూర్‌లోనే వేసేవారు.

చెక్కను శాండ్ పేపర్‌తో గీకకు, వార్నిష్ పూయకు. ముద్రలు పోతాయి, వాటితో పాటు విలువా పోతుంది. తడిగుడ్డతో మురికి తుడిచి, పచ్చి అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు.

తూటాల దగ్గర పిసినారితనం వద్దు. సెలియర్ అండ్ బెలో, ప్రివీ పార్టిజాన్ వాళ్లవి కొత్తవి దొరుకుతాయి. చౌకగా వస్తున్నాయని పాత మిలిటరీ తూటాలు కొన్నావనుకో, వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) మండాక బ్యారెల్ లోపల ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. మా హ్యూస్టన్ ఉక్కపోతలో అయితే తెల్లారేసరికి తుప్పు. నూనె ఉప్పును కరిగించదు, ముందు మరుగునీళ్లు పొయ్యాలి, ఆరాక నూనె. పాతవాటితో ఇంకో తంటా: ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది.

మేగజైన్‌లో పది పడతాయి. పెట్టేటప్పుడు ప్రతి తూటా అంచు కిందిదాని అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని బోల్ట్ కదలదు, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. బోల్ట్ ముందుకు తోసేటప్పుడే స్ప్రింగ్ బిగుస్తుంది, కాబట్టి సగంలో గట్టిగా తగిలితే అడ్డుపడిందనుకోకు, ధైర్యంగా తొయ్యి. వెనక సైట్‌లో అన్నిటికన్నా కింది గుర్తు 200 గజాలది. నువ్వు 100 గజాల నుంచి కొడితే నాలుగు వేళ్లు పైన తగలొచ్చు. సైట్ పాడైందని ఆకురాయి పట్టుకోకు, గురి కాస్త కిందికి పెట్టు. బట్ వెనక ఇత్తడి పలకకు మెత్త ఉండదు, భుజం గుంటలో గట్టిగా ఆనించు. వదులుగా పట్టుకున్నవాడికే దెబ్బ. చెవులకూ కళ్లకూ రక్షణ లేకుండా లైన్ దగ్గరికి వెళ్లకు. మొదటి ప్రపంచయుద్ధం నాటి సిపాయిలు నిమిషానికి పదిహేను గురిపెట్టి కొట్టేవారని వీడియోలు చూసి హుషారెక్కకు. చాలా రేంజ్‌లు ఆ వేగం ఒప్పుకోవు, బ్యారెల్ కూడా ఊరికే కాగుతుంది.

ఇక చట్టం సంగతి. అమ్మినవాడు యాంటిక్ అన్నాడని రాశావు. ఫెడరల్ లెక్కలో యాంటిక్ అంటే 1898, అంతకు ముందు చేసినవే. నీది 50 ఏళ్లు దాటింది కాబట్టి క్యూరియో అండ్ రెలిక్ (దాచుకునే పాత వస్తువు) అంటారు, అయినా అది తుపాకీయే. నీకు గ్రీన్ కార్డ్ ఉంది, సరే. నీ ఫ్రెండ్స్‌లో హెచ్1బీ, ఎఫ్1 వాళ్లున్నారు. సరదాకి ఒక్క రౌండ్ అని వాళ్ల చేతికివ్వకు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. నీ సరదాకి వాళ్ల వీసా పోతుంది. మొహమాటపడకుండా చెప్పెయ్యి. ఇంట్లో పిల్లాడు పాకే వయసు దాటాడు కాబట్టి గన్ సేఫ్ వచ్చేదాకా బోల్ట్ తీసి వేరే చోట తాళం వేసి పెట్టు.

రేంజ్‌కి వాడే బ్యాగ్ వేరే పెట్టుకో. సంక్రాంతికి ఇండియా వెళ్తున్నావు కదా. అడుగున ఎక్కడో ఒక్క తూటా ఇరుక్కుని శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే, మర్చిపోయానంటే ఎవరూ వినరు, ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు పెడతారు. వెళ్లేముందు జేబులూ, జిప్పులూ అన్నీ తిరగేసి చూడు.

ఇట్లు,
బాబాయ్