సమాధానం: టెంపరరీ ఫైల్స్ తుడిచాక రోజూ లాగిన్ అడుగుతోంది

మీరు క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+డిలీట్ నొక్కి అన్నిటికీ టిక్ పెట్టి తుడిచేశారు కదండీ, అక్కడే వచ్చింది చిక్కు. ‘క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ (పేజీలు త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజర్ దాచిన కాపీలు) పోతే నష్టమేం లేదు, పేజీ మొదటిసారి కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది, అంతే. ‘కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా’ (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు మీ బ్రౌజర్లో దాచే చిన్న ఫైళ్లు) పోతే మాత్రం మీరెవరో సైటుకు గుర్తుండదు. అందుకే మళ్లీ ఓటీపీ.

ఒకసారి లాగిన్ అయితే సర్దుకోవాలి. బ్రౌజర్ మూసి తెరిచిన ప్రతిసారీ అడుగుతోందంటే, బ్రౌజర్ విండోలన్నీ మూయగానే డేటా తుడిచే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉండొచ్చు. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడుగున ‘అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్’ కింద ‘ఆన్-డివైస్ సైట్ డేటా’ తెరవండి. అక్కడ డేటా సేవ్ చేయనిచ్చే మొదటి ఆప్షన్ ఎంచుకోండి. క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే దాన్లోనూ కుకీల టిక్ తీసేయండి, చాలాసార్లు అసలు దొంగ అదే.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ పేజీకే తిరిగొస్తుంటే ముందు కంప్యూటర్ తేదీ, టైమ్ చూడండి. గడియారం ముందుకు జరిగి ఉంటే కుకీకి పుట్టగానే గడువు తీరిపోవచ్చు.

ఇకమీదట ఒక్క సైటే మొరాయిస్తే మొత్తం తుడవకండి. ముందు కంట్రోల్+షిఫ్ట్+ఆర్ కొట్టి చూడండి, దాచిన కాపీ కాకుండా పేజీ మళ్లీ కొత్తగా లోడ్ అవుతుంది. లొంగకపోతే అడ్రస్‌కు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, ఆ సైటు డేటా ఒక్కటే తీసేయండి.