నాట్యం గోడకా, నేలకా?: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఇంటి నిర్మాణం, ఇంటి అలంకరణలపై పాఠకులు పంపే ప్రశ్నలలో ఈ నెల అనుకోకుండా నాట్యం ప్రసక్తి ఎక్కువగా వచ్చింది. అందుకే ఆ ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ప్రాగ్ నగరంలో నాట్యం చేస్తున్నట్టు వంగి నిలబడిన భవనం ఫొటోను మా అబ్బాయి పంపాడు. గుంటూరులో మాకు 240 గజాల స్థలం ఉంది. ఆ పద్ధతిలో ఇల్లు కట్టించుకోవచ్చునా? (విశ్రాంత ఉద్యోగి, గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి పంపినది ఫ్రాంక్ గెహ్రీ, వ్లాదో మిలునిచ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు కలిసి రూపొందించగా 1996లో పూర్తయిన భవనం. వ్ల్తావా నది ఒడ్డున ఉన్న ఆ మూల స్థలంలోని పాత ఇల్లు 1945లో బాంబు దాడిలో నేలమట్టమైంది; ఆ చోటు చాలా ఏళ్లు ఖాళీగానే ఉండిపోయింది. అక్కడ కట్టిన రెండు బురుజులలో ఒకటి కాంక్రీటుది, నిటారుగా, బరువుగా ఉంటుంది. రెండవది అద్దాలది, నడుము దగ్గర సన్నబడి, మొదటిదాని వైపు ఒరిగి ఉంటుంది. హాలీవుడ్ నాట్య జంట ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్‌ల పేర్లతో ఆ రెండింటినీ పిలవడం అందుకే.

ఫొటోలో మన కంటికి ముందుగా ఆనేది వంపు. నా దృష్టిలో మాత్రం ఆ భవనంలో నాట్యం ఉన్నది వంపులో కాదు, జంటలో. ఒకరు నిలబడి ఆసరా ఇస్తే మరొకరు ఒరగగలిగారు. కాంక్రీటు బురుజును తీసివేసి చూస్తే అద్దాల బురుజు పడిపోబోతున్న కట్టడంలా కనిపిస్తుంది తప్ప నర్తకిలా కనిపించదు. కిటికీలను కూడా ఒకే వరుసలో పెట్టకుండా కొన్నింటిని ఎత్తుగా, కొన్నింటిని దిగువగా పెట్టి, గోడ మీద అలల వంటి గీతలు నడిపించారు. దానితో అంతస్తులు లెక్కపెట్టబోయిన కన్ను మధ్యలోనే దారి తప్పి, అలల వెంట పోతుంది.

ఇక మీ స్థలం సంగతి. ఆ భవనం గోడలకు ఒకదానితో ఒకటి పోలిక లేని 99 కాంక్రీటు పలకలను విడివిడిగా పోతపోయవలసి వచ్చింది. మన మేస్త్రి ఒకే సెంట్రింగు పలకను పది స్తంభాలకు తిప్పి వాడుకుంటేనే ఖర్చు అదుపులో ఉంటుంది. పైగా వంపు తిరిగిన గోడకు మీ బీరువా ఆనదు, మంచం ఆనదు. వాటి వెనుక మిగిలే సందులో దుమ్ము పేరుకుంటుంది. నాలుగు గోడలనూ తిన్నగా లేపి, మీకు అంత ముచ్చటగా ఉంటే, మెట్ల గది ఒక్కదానిని గుండ్రంగా తిప్పించండి. మనిషి తిరుగుతూ ఎక్కే చోటు కనుక అక్కడ వంపుకు అర్థమూ ఉంటుంది, పనీ ఉంటుంది.

ప్రశ్న: భవనానికి నాట్యం స్ఫూర్తి అనే ఆలోచన పాశ్చాత్యుల నుంచి వచ్చినదేనా? మన ఆలయాల మీద నర్తకీమణుల శిల్పాలు కేవలం అలంకారమేనా? (డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మీరు ఉంటున్న ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు కొంత ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే దీనికి సమాధానం మీకు ఒక పూట ప్రయాణం దూరంలో పాలంపేటలోనే ఉంది. అక్కడికి వెళ్లేముందు ఒక పాత సంభాషణ గుర్తు చేస్తాను. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలో వజ్రుడనే రాజు తనకు విగ్రహాలు చేసే విద్య నేర్పమని మార్కండేయ మహర్షిని అడుగుతాడు. చిత్రకళ తెలియనివాడికి ప్రతిమా లక్షణం తెలియదని, నృత్తం తెలియనివాడికి చిత్రకళ అందదని, వాద్యం తెలియనిదే నృత్తం రాదని, గీతం లేనిదే వాద్యం లేదని మహర్షి ఒక్కొక్క మెట్టే వెనక్కి తీసుకువెళతాడు. రాయి చెక్కాలని వచ్చినవాడిని పాట దగ్గర కూర్చోబెట్టిన ఆ వరుసను మించి మీ మొదటి ప్రశ్నకు నేను చెప్పగలిగేది లేదు.

రామప్ప గుడిగా మనం పిలుచుకునే రుద్రేశ్వరాలయాన్ని కాకతీయ గణపతిదేవుని కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తూర్పు, ఉత్తరం, దక్షిణం వైపుల ఉన్న ద్వారాల దగ్గర స్తంభం పైభాగం నుంచి చూరు కిందికి ఏటవాలుగా అమర్చిన పన్నెండు మదనికలను, అంటే నర్తకీమణుల శిల్పాలను, మీరు ఫొటోలలో చూసే ఉంటారు. ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్క బొమ్మను దగ్గరగా తీస్తారు కనుక అవి విడి శిల్పాలుగా తోస్తాయి. మీరు మాత్రం పది అడుగులు వెనక్కి వచ్చి, బొమ్మను, స్తంభాన్ని, చూరును కలిపి ఒకేసారి చూడండి. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి; ఈ బొమ్మలు మాత్రం నిగనిగలాడే నల్లరాయి. అదే చోట ఏటవాలుగా ఒక తిన్నని రాతి దూలాన్ని ఊహించుకుంటే చూరు బరువు మన నెత్తిన పడుతున్నట్టు ఉంటుంది. అక్కడ మెడ దగ్గర ఒకసారి, నడుము దగ్గర ఒకసారి, మోకాలి దగ్గర ఒకసారి విరిగిన త్రిభంగిలో ఒక స్త్రీ నిలబడేసరికి, అంత చూరూ ఆమె అడుగు మార్చుకోవడం కోసం ఆగినట్టు తేలికపడుతుంది. ఇది బొమ్మ అందం ఒక్కటే చేయగలిగిన పని కాదు. రాయి ఎక్కడ బరువుగా కనిపించాలి, ఎక్కడ తేలికగా కనిపించాలి అన్న నిర్ణయం అది. ఆ నిర్ణయం తీసుకున్నవారికి నర్తకి ఒంటి బరువు ఏ పాదం మీద ఉంటుందో బాగా తెలుసు.

లోపలి రంగమండపంలో నడిమి నాలుగు స్తంభాల మధ్య చదరంగా ఉన్న చోటే నాట్యానికి ఉద్దేశించినది. గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని అదే శతాబ్దంలో 'నృత్త రత్నావళి' రచించాడు. ఏడు వందల ఏళ్ల తరువాత నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్ని చదివి, ఈ గోడల మీద ఉన్న భంగిమలను పరిశీలించి, మరుగునపడిన పేరిణి నాట్యానికి మళ్లీ రూపం ఇచ్చారు. నాట్యం చూసి కట్టిన గుడిని చూసి నాట్యాన్ని తిరిగి కట్టుకున్నామన్న మాట. కేవలం అలంకారమైన వస్తువు ఇంత పనికి రాదు.

లేపాక్షి నాట్యమండపాన్ని కూడా వీలైతే చూడండి. విజయనగర కాలపు ఆ మండపంలో అందరూ నేలకు ఆనని స్తంభం కిందుగా తువ్వాలు లాగి చూసి వెళ్లిపోతారు. అసలు విశేషం నడిమి ఖాళీలో ఉంది. దాని చుట్టూ ఉన్న స్తంభాల మీద బ్రహ్మ మృదంగం వాయిస్తూ, తుంబురుడు వాద్యం పట్టుకుని, మూడు కాళ్ల భృంగి అడుగు వేస్తూ, రంభ నర్తిస్తూ కనిపిస్తారు. అంటే ఆ చదరంలో నిలబడిన నర్తకికి చుట్టూ మేళమంతా అప్పటికే సిద్ధంగా ఉన్నట్టే.

ప్రశ్న: మా పదేళ్ల పాప కూచిపూడి నేర్చుకుంటోంది. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక గదిని ఆమె సాధన కోసం కేటాయించాలనుకుంటున్నాము. ఇంటీరియర్ డిజైనరు మూడు గోడలకు అద్దాలు, మెరిసే టైల్స్, ఒక గోడకు ముద్రల వాల్‌పేపర్ సూచించారు. మీ సలహా ఏమిటి? (గృహిణి, హైదరాబాదు)

జవాబు: అమ్మా, ఆ డబ్బులో పెద్ద భాగం గోడల మీద నుంచి నేల మీదికి మార్చండి. స్లాబు మీద అతికించిన టైలు ఏమాత్రం లొంగదు. పాప అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుని, వేసే ప్రతి అడుగు దెబ్బా తిరిగి ఆమె మడమకు, పిక్క ఎముకకు, మోకాలికి వస్తుంది. కొన్నాళ్లకు కాళ్లనొప్పులంటే మనం అలసట అనుకుంటాము.

ఈ విషయంలో నాట్యశాస్త్రం రెండవ అధ్యాయం ఇంటీరియర్ డిజైనర్లందరూ చదవదగినది. రంగశీర్షం, అంటే వేదిక వెనుక భాగం, నింపడానికి నాగలితో దున్ని, గడ్డి, గులకరాళ్లు, మట్టిబెడ్డలు ఏరివేసిన నల్లమట్టిని వాడమంటుంది. పైభాగం తాబేలు వీపులా ఉబ్బి ఉండకూడదు, చేప వీపులా వాలి ఉండకూడదు, శుభ్రమైన అద్దంలా సమతలంగా ఉండాలంటుంది. మూడు గోడలకు అద్దాలు పెట్టమన్న మీ డిజైనరుకు, అద్దంలా ఉండవలసింది గోడ కాదు, నేల అని ఎవరైనా చెబితే బాగుండును.

నల్లమట్టిని మీరు నాలుగో అంతస్తుకు మోయలేరు కనుక, ఇప్పుడు నాట్యశాలల్లో వేసే స్ప్రింగు నేలనే చిన్న పరిమాణంలో చేయించండి. ఉన్న టైల్స్ పగలగొట్టనక్కరలేదు. వాటి మీద దట్టమైన రబ్బరు ముక్కలను వరుసగా పరచి, వాటిపై చెక్క రీపర్లను ఒక వరుస నిలువుగా, దానిపై మరొక వరుస అడ్డంగా బిగించి, ఆపైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను రెండు పొరలుగా, కింది పొర అతుకుల మీద పై పొర అతుకులు పడకుండా వేయించాలి. గోడకు, చెక్కకు మధ్య అర అంగుళం సందు వదలాలి. వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు ఆ సందే కాపాడుతుంది. వడ్రంగి పని ముగించాక మీరే చెప్పులు విడిచి గది మూలల నుంచి మధ్య వరకు గట్టిగా అడుగులు వేసి చూడండి. ఎక్కడైనా డొల్ల శబ్దం వచ్చినా, కిర్రుమన్నా, అక్కడ రీపరు సరిగా ఆనలేదని అర్థం. అతను వెళ్లిపోకముందే విప్పించండి. మెరిసే పాలిష్ వద్దు. ఉత్త పాదానికి పట్టు దొరకాలి. అలాగని వ్యాయామశాలల్లో వేసే మెత్తటి ఫోము చాపలూ వద్దు, వాటిలో చీలమండ మెలిక పడుతుంది, తట్టిన అడుగుకు శబ్దమూ రాదు.

ఈ ఏర్పాటుతో నేల మూడు నాలుగు అంగుళాలు లేస్తుంది. తలుపు కింద కోయించుకోవాలి, గుమ్మం దగ్గర చిన్న వాలు పెట్టించాలి. సీలింగు ఫ్యానుకు, చేయెత్తి ఎగిరే పాపకు మధ్య దూరం తగ్గుతుంది కనుక ఫ్యాను తీయించి గోడ ఫ్యాను పెట్టించండి. ఫాల్స్ సీలింగ్ మాట ఎత్తితే ఒప్పుకోవద్దు. కింది ఇంటివారికి శబ్దం కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. సాధన వేళను ముందే వారితో మాట్లాడి పెట్టుకుంటే మంచిది. కొన్నాళ్లకు పాప తరంగం, అంటే ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి చేసే నాట్యం, మొదలుపెడితే ఆ పళ్లెం చెక్కను గీస్తుంది. ఆ సాధనకు ఒక మూల పాత టైల్స్‌నే ఉంచేయండి.

అద్దం ఒక్క గోడకు చాలు, నేల దగ్గర నుంచి ఏడడుగుల ఎత్తు వరకు. దానికి ఒక తెర తప్పనిసరి. అడవులు, అంటే నాట్యంలోని మూల అడుగుల వరుసలు, సాధన చేసేటప్పుడు అద్దం పనికివస్తుంది. అభినయం సాధన చేసేటప్పుడు అదే అద్దం పాప చూపును లాగేస్తుంది. యశోద కృష్ణుణ్ణి చూడవలసిన చోట తనను తాను చూసుకుంటుంది. మూడు వైపులా అద్దాలుంటే ఇక చెప్పేదేముంది? వాల్‌పేపర్ గురించి నాకు అభిప్రాయం లేదు. ముద్రలను రోజూ చేతితో పట్టే పిల్లకు వాటిని గోడ మీద చూపించడం దేనికో తెలియదు.

ప్రశ్న: హాలులో టీవీ పక్కన ఆరడుగుల నటరాజ విగ్రహం పెట్టాలనుకుంటున్నాము. బాగుంటుందా? (వ్యాపారి, రాజమహేంద్రవరం)

జవాబు: విగ్రహం బాగుంటుంది, టీవీ పక్కన బాగుండదు. చుట్టూ జ్వాలావలయం, ఎత్తిన కాలు, చెదిరిన జడలు ఉన్న రూపానికి చుట్టూ ఖాళీ కావాలి. వెనుక సాదా గోడ, ఒక పక్కనుంచి దీపం వెలుగు, మనిషి ఎదురుగా నడిచి రాగలిగినంత దూరం ఉంటేనే పెట్టండి. అంత చోటు లేకపోతే అడుగున్నర విగ్రహం చాలు.

ప్రశ్న: కాలేజీలో నాట్యకేంద్రం డిజైన్ చేయమన్నారు. 'కాన్సెప్ట్: నాట్యం' అని రాసి, పైకప్పును పతాక ముద్ర (వేళ్లు కలిపి చాచిన అరచేయి) ఆకారంలో గీశాను. జ్యూరీ తిరస్కరించింది. నా తప్పేమిటి? (ఆర్కిటెక్చర్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: చేతిని గీశారు, చేతి కదలికను గీయలేదు. పైకప్పు మీది ముద్ర పక్షికి, విమానానికి కనిపిస్తుందే గాని లోపల నడిచేవాడికి తెలియదు.

కదలికను కాగితం మీదికి ఎక్కించడానికి కొందరు జీవితకాలం పనిచేశారు. రుడాల్ఫ్ లాబన్ 1928లో ప్రచురించిన నాట్యలిపి కింది నుంచి పైకి చదవాలి. నడిమి నిలువు గీత మనిషి ఒంటి మధ్యభాగం, దానికి ఎడమ వైపు అతని ఎడమ కాలు చేతుల కదలిక, కుడి వైపు కుడివి. నిలబడిన చోటు నుంచి కాళ్లు చేతులు చాచగలిగినంత మేర మనిషి చుట్టూ ఒక గోళాన్ని కూడా ఆయన ఊహించాడు. అమెరికాలో లారెన్స్ హాల్‌ప్రిన్ అనే ఉద్యానశిల్పి, నర్తకి అయిన తన భార్య ఆన్నా కోసం 1950లలో కాలిఫోర్నియాలోని కెంట్‌ఫీల్డులో తమ ఇంటి దిగువ కొండవాలులో చెట్ల మధ్య ఒక చెక్క వేదిక నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. అది చతురస్రం కాదు, చెట్లను తప్పుకుంటూ అంచులు మారే ఆకారం. ముందు, వెనుక అనే దిక్కులు స్థిరంగా లేకపోవడంతో అక్కడ నర్తించేవారు ఎటు తిరగాలో ప్రతిసారీ తామే నిర్ణయించుకోవలసి వచ్చేది. నాట్యం వేదికను మార్చింది, వేదిక నాట్యాన్ని మార్చింది. తరువాత ఆయన పోర్ట్‌లాండ్ నగరంలో రూపొందించిన ఫౌంటెన్లలో జనం నీటిని చూస్తూ నిలబడిపోరు, మెట్లు మెట్లుగా ఉన్న కాంక్రీటు మీద ఎక్కి దిగుతూ నీటిలోనే తిరుగుతారు.

లయను వాడుకోవాలనుకుంటే ఒక హెచ్చరిక. తాళంలోని జాతుల లెక్కలో తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు అని స్తంభాల దూరాలను మార్చిన డ్రాయింగులు నేను చాలా చూశాను. మెట్ల ఎత్తును మాత్రం ఆ లెక్కకు ఇవ్వకండి. ఆరు అంగుళాల మెట్ల వరుసలో ఒక్కటి ఏడు అంగుళాలైతే మనిషి తూలిపడతాడు. మెట్ల మధ్య వచ్చే విశ్రాంతి అరుగుల దగ్గర, వరండాలో వెలుగునీడల దగ్గర లయతో ఎంతైనా ఆడుకోవచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని: మీ ఊళ్లో ఏదైనా నాట్య పాఠశాలలో అనుమతి తీసుకుని ఒక సాయంత్రం మూల కూర్చోండి. పిల్లలు చెప్పులు ఎక్కడ విడుస్తున్నారు, గజ్జెలు ఎక్కడ కూర్చుని కట్టుకుంటున్నారు, నేలకు దండం ఎక్కడ పెడుతున్నారు, గురువు తట్టుకర్రతో ఏ మూల నుంచి అందరి పాదాలనూ చూడగలుగుతున్నారు, తీసుకువెళ్లడానికి వచ్చిన తల్లులు ఎక్కడ నిలబడుతున్నారు అన్నది టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. పైకప్పు సంగతి ఆ కాగితం నిండిన తరువాత చూసుకోవచ్చు.