గుడ్డ ఆరేలోపు ఫంక్షన్‌కి వెళ్లి రావచ్చు, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు గీస్తున్న కలంకారీ జీవవృక్షాన్ని ఎగ్జిబిషన్‌కి తీసుకుంటామన్నారని, సోమవారం సాయంత్రం 5 గంటలకల్లా అందజెయ్యాలని చెప్పింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మన ఇంట్లో నా తర్వాత ఆ వెదురు కలం పట్టుకున్నది నువ్వొక్కదానివే. ఆ సంతోషంలో ఉండగానే మిగతా సంగతి కూడా చెప్పింది. శుక్రవారం మీ అత్తగారింట్లో వరలక్ష్మీ వ్రతం, అదీ పెళ్లయ్యాక నీకు మొదటిది. శనివారం సాయంత్రం నీ స్నేహితురాలి సంగీత్. ఆదివారం తెల్లవారుజామున తెనాలిలో మీ ఆడపడుచు గృహప్రవేశం. ఆషాఢమంతా ఆగిన శుభకార్యాలన్నీ శ్రావణం రాగానే ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, అది ఎవరి తప్పూ కాదు. కానీ "జ్వరమని చెప్పి రెండు ఎగ్గొట్టేస్తాలే" అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో వాయిస్ పెడదామనుకున్నాను కానీ గొంతు పెగలదని కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. గుడ్డ ఉతకడానికి కృష్ణకి వెళ్లొద్దు. సీతానగరం వైపు రేవుకి వెళ్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఇది శ్రావణం, తల్లీ. పైన ఎక్కడో వాన పడుతుంది, ఇక్కడ ఎండ కాస్తుంటుంది, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే మెట్లు ఎక్కడున్నాయో కూడా కనపడవు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు ఆ బ్యారేజీ మీదుగా వెళ్లాయి, అదే సమయంలో బుడమేరు పొంగి మీ విజయవాడలో సింగ్‌నగర్ మునిగిపోయింది, ఆ రోజుల్లో నీ ఫోన్ కలవక నేను ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో నీకు తెలియదు. శ్రీకాళహస్తి వాళ్లు స్వర్ణముఖిలో ఉతికేవారని నీకు చెప్పింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. పారే నీళ్లు ఎందుకో అర్థం చేసుకుంటే నది అక్కర్లేదు. ఎరుపు పట్టడానికి పటిక పెట్టిన గుడ్డని బకెట్లో ముంచితే, ఊడివచ్చిన పటిక ఆ నీళ్లలోనే తిరిగి పక్కచోట అంటుకుంటుంది. తర్వాత మరిగించినప్పుడు ఎరుపు అక్కడా పట్టేస్తుంది, ఆకులూ కొమ్మలూ అన్నీ ఎర్రబడతాయి. నీళ్లు ఒక చోట నిలవకూడదు, అంతే. మేడ మీద పాత తలుపు చెక్క ఏటవాలుగా పెట్టి, గుడ్డ దాని మీద పరిచి, పైనుంచి పైపుతో నీళ్లు వదులు. పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు పని సంగతి. నీకు తెలిసినవి ఎక్కువ చెప్పను. నల్ల గీతలు గీసే కసిమి కొత్తది కలపకు, ఉన్న సీసానే వాడు, ఇనుమూ బెల్లమూ ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నీకున్నది వారం కూడా కాదు. ఇనప మూకుడులో మరిగించకు, ఎరుపు నల్లబడుతుంది. నీలం జోలికి ఈసారి వెళ్లొద్దు. నలుపు, ఎరుపు, పసుపు చాలు, జీవవృక్షం ఆ మూడింటితోనే నిండుగా ఉంటుంది.

నువ్వు గమనించనిది ఒకటుంది. మన పనిలో చెయ్యి ఆడేది తక్కువ, గుడ్డ ఆరేదీ నానేదీ ఎక్కువ. ఆరే గుడ్డ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటే అది తొందరగా ఆరదు. అందుకని నీ ఫంక్షన్లన్నీ గుడ్డ ఆరే గంటల్లోకి తోసెయ్. బుధ, గురు రెండు రాత్రుల్లో నల్ల గీతలు పూర్తి చెయ్యి, గురువారం పదింటికి కలం పక్కన పెట్టెయ్యాలి. శుక్రవారం నాలుగింటికి లేచి ఎరుపు కావాల్సిన చోటల్లా పటిక పెట్టు, ఆరింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత పటిక ఎలాగూ ఒక పూర్తి రోజు గుడ్డలో ఇంకాలి. కాబట్టి తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, రోజంతా మీ అత్తగారి పక్కనే ఉండు. శనివారం పొద్దున ఉతికి, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లలో సన్నసెగ మీద మరిగించి, మళ్లీ ఉతికి ఆరెయ్. మధ్యాహ్నం గేదె పాలలో ముంచి పిండి మళ్లీ ఆరెయ్. పాలలో కొవ్వు ఉంటేనే తర్వాత వేసే రంగు గీత దాటి పాకదు. పాకెట్ పాలు కొంటే వెన్న తీసినవి కొనకు. పాలు ఆరేలోపు సంగీత్‌కి వెళ్లి రా. ఆదివారం గృహప్రవేశం తెల్లవారుజామునే కాబట్టి భోజనం చేసి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు, కాసేపు పడుకుని లేచి కరక్కాయ పువ్వుతో పసుపు రంగు వేసుకో. సోమవారం పొద్దున ఆఖరి ఉతుకు, ఇస్త్రీ. వాన పడితే ఫ్యాన్ కింద ఆరెయ్, ఎండకి పట్టేదానికి రెండింతలు పడుతుంది, ఆ లెక్క ముందే వేసుకో.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. శుక్రవారం పూజలో చేతికి తొమ్మిది ముళ్ల తోరం కడతారు కదా, అది పచ్చి పసుపు. ఆ చెయ్యి గుడ్డ మీద ఆనించావంటే కరక్కాయ పెట్టిన గుడ్డ మీద పసుపు చార పడుతుంది. అలాగని తోరం తీసెయ్యకు, నాకు ఇష్టం ఉండదు, మీ అత్తగారికి అసలు ఉండదు. మణికట్టుకి చేతిరుమాలు చుట్టుకో.

ఇక జ్వరం సంగతి.

1988లో నాకు ఇరవై నాలుగేళ్లు. మా పెద్దన్నయ్య శ్రీకాళహస్తిలో ఉద్యోగం చేస్తున్నప్పుడు రెండు వేసవులు అక్కడుండి పని నేర్చుకుని గుంటూరు వచ్చాను. బ్రాడీపేటలో మా ఇంటి వెనక గది నాది. ఒక ప్రదర్శనకి సీతాకల్యాణం గీస్తున్నాను, మర్నాడు ఇవ్వాలి. ఆ రోజే మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి. వెళ్తే రోజంతా పోతుంది, వెళ్లనంటే నాన్న ఊరుకోరు. జ్వరమన్నాను. దుప్పటి కప్పుకుని పడుకున్నాను, అమ్మ కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లింది. వీధి మలుపు తిరగగానే నేను లేచి కలం పట్టుకున్నాను.

మా మేనత్త నీకు లీలగా గుర్తుండొచ్చు, చివరి రోజుల్లో నీకు జడలు వేసేది. పెళ్లికూతురికి కూడా ఆవిడ మేనత్తే. జీలకర్ర-బెల్లం అవగానే, మంటపంలో అందరూ తలంబ్రాలకి సర్దుకుంటుంటే, ఆవిడ వంటవాళ్ల దగ్గరికి వెళ్లి చారూ మెత్తటి అన్నమూ అడిగి పెట్టించుకుని, క్యారేజీ పట్టుకుని రిక్షా ఎక్కి వచ్చేసింది. పిల్ల ఒక్కతే జ్వరంతో పడి ఉందని. అమ్మతో కూడా చెప్పలేదట.

తలుపు తోసిన చప్పుడుకి నా చెయ్యి అదిరింది. కలానికి చుట్టిన ఉన్నిలో నిండా కసిమి ఉంది. ఒక చుక్క సీత చెంప మీద పడింది. నీకు తెలుసు కదా, పడినప్పుడు అది పలచటి టీ రంగులోనే ఉంటుంది, చూస్తుండగానే నల్లబడిపోతుంది. నేను ఆ చుక్కని చూస్తున్నాను, అత్త నన్ను చూస్తోంది. చుట్టూ గిన్నెలు, చేతులకి నలుపు, నేల మీద పరిచిన గుడ్డ. అన్నీ అర్థమయ్యే ఉంటాయి. కానీ ఆవిడ ముందు చేసింది ఏంటంటే, నా దగ్గరికి వచ్చి వంగి, అరచెయ్యి తిప్పి నా నుదుటి మీద పెట్టింది.

"జ్వరం లేదు కదా, హమ్మయ్య" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. క్యారేజీ విప్పి, చారన్నం కలిపి, చల్లారిపోతుంది తిను అని నేను తినేదాకా కూర్చుంది. తర్వాత క్యారేజీ కడిగి, అదే రిక్షాలో వెనక్కి వెళ్లింది. అప్పటికి తలంబ్రాలు అయిపోయాయి. తన మేనకోడలి పెళ్లిలో ఆవిడ అది చూడలేదు. మంటపంలో అడిగినవాళ్లకల్లా "కాస్త తగ్గింది, పడుకుంది" అని చెప్పిందట. ఏనాడూ అబద్ధమాడి ఎరగని మనిషి, నా అబద్ధాన్ని తను మోసింది.

చుక్క మీద నిమ్మకాయ రుద్దాను. నలుపు పలచబడింది, దాంతోపాటు కరక్కాయ రంగూ పోయి చెంప మీద పాలిపోయిన మచ్చ మిగిలింది. ఆ గుడ్డ ప్రదర్శనకి పంపలేదు. చుక్క పడినందుకు కాదు, పట్టుకుంటే చెయ్యి రాలేదు. తర్వాత ఎన్నేళ్లో కలం ముట్టలేదు. అందరూ పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తీరిక లేదు అనుకున్నారు, నేనూ అలాగే చెప్పుకున్నాను. అత్త ఆ రోజు సంగతి చనిపోయేదాకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పయిపోయింది అత్తా అనడానికి నాకు ఇరవై ఏళ్లు సమయం ఉంది చిన్నీ, ఆవిడ మా ఇంట్లోనే ఉంది, రోజూ నా చేతి అన్నమే తినేది.

అందుకే చెప్తున్నాను, జ్వరం మాట ఎత్తకు. నీకున్న పని ఏంటో చెప్పు. పని ఉందంటే తప్పుగా అనుకుంటారని నువ్వు భయపడుతున్నావు, ఎందుకంటే ఈ బొమ్మలు గీయడం ఎవరికీ పనిలా కనపడదు. జీతం రాదు, ఆఫీసు లేదు. నువ్వే దాన్ని పని అనకపోతే వాళ్లెందుకంటారు? ఇవాళే మీ అత్తగారి దగ్గర కూర్చుని గుడ్డ చూపించు. ఫోన్‌లో ఫోటో కాదు, గుడ్డ చూపించు. "సోమవారం ఇవ్వాలి అత్తయ్యా, శుక్రవారం పొద్దున ఆరింటిదాకా గదిలో ఉంటాను, ఆ తర్వాత రోజంతా మీతోనే" అను. ఆవిడ ముఖం మాడిస్తే మాడించనివ్వు, పూజ దగ్గర నువ్వు తొమ్మిది రకాల పిండివంటల్లో నాలుగు చేసేసరికి అదే సర్దుకుంటుంది. స్నేహితురాలికి రాత్రి తొమ్మిదింటిదాకా ఉంటానని ముందే చెప్పు. ఉన్నంతసేపు ఫోన్ చూసుకోకుండా, ఆరేసిన గుడ్డ గురించి ఆలోచించకుండా, ఆ పిల్లతో కలిసి నాలుగు స్టెప్పులు వెయ్. తొమ్మిదవగానే వచ్చెయ్. రాత్రిపూట హైవే మీద స్కూటీ నడపొద్దు, క్యాబ్ ఎక్కు, రెండు రాత్రులు సరిగ్గా పడుకోని దానివి. ఈ మాట మీద నాతో వాదించకు.

ఆదివారం అలిసిపోయి పసుపు వెయ్యలేకపోతే నలుపూ ఎరుపుతోనే ఇచ్చెయ్. వేసినంత శుభ్రంగా ఉంటే చాలు. ఆఖరి రాత్రి నిద్రకళ్లతో రంగు ముట్టుకోవద్దు. నా కళ్లు ఇప్పుడు సన్న గీతకి ఆగవు, ఆపరేషన్ తర్వాత కూడా. నీ గీతలు చూస్తే మాత్రం ఎవరివో నాకు తెలిసిపోతుంది. ఆకు కొస దగ్గర నువ్వు చెయ్యి ఎత్తే తీరు నాదే. మొన్న నువ్వు పంపిన ఫోటోని పెద్దది చేసి చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కాసేపు మురిసిపోయాను.

ఉతకడానికి రెండో మనిషి సంగతి. శనివారం గుంటూరులో మొదటి బస్సుకే బయల్దేరి ఏడింటికల్లా మీ ఇంట్లో ఉంటాను. ఒక కొస నేను పట్టుకుంటాను, పైపు నువ్వు పట్టుకో. మరిగించేటప్పుడు పొయ్యి దగ్గర నేనుంటాను, నువ్వు గంటసేపు పడుకోవచ్చు. మధ్యాహ్నానికి అన్నం నేనే పట్టుకొస్తాను, వంట పెట్టుకోకు. మీ అత్తగారికి నేను వస్తున్నట్టు మాత్రం ఇవాళే చెప్పు, ఎందుకొస్తున్నానో కూడా చెప్పు.

మీ పెద్దమ్మ