కాలేజీకి వెళ్లకుండా నర్సింగ్ డిగ్రీ వస్తుందా?

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. ఇంటర్ తర్వాత జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఆరేళ్లుగా కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. నాతోపాటు చేరిన బీఎస్సీ అమ్మాయిలు ఇన్‌చార్జులయ్యారు, నేనింకా నైట్ డ్యూటీల్లోనే ఉన్నాను. జీఎన్ఎం వాళ్లు చదివే డిగ్రీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేద్దామంటే నాలుగేళ్ల బాబున్నాడు, నా జీతం ఆగితే ఇల్లు గడవదు. తెలిసినాయన ఒకరు "ఫీజు కడితే చాలు, కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలు రాసి వెళ్లిపోవచ్చు" అంటున్నారు. ఎయిమ్స్‌లో ఉద్యోగం తెచ్చుకోవాలని నా ఆశ. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
- ఒక స్టాఫ్ నర్సు

జవాబు: ఆ డబ్బు మాత్రం కట్టకు తల్లీ. రెగ్యులర్ పోస్ట్ బేసిక్ అంటే రెండేళ్లు క్లాసులు, వార్డు పోస్టింగులు. అవే తేదీల్లో నువ్వు ఆసుపత్రిలో జీతం తీసుకున్నట్టు పీఎఫ్ లెక్కల్లో ఉంటుంది, కాలేజీలో హాజరైనట్టు సర్టిఫికెట్‌లో ఉంటుంది. రేపు వెరిఫికేషన్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టారంటే డిగ్రీయే కాదు, నువ్వు నిజాయితీగా సంపాదించుకున్న ఆరేళ్ల అనుభవాన్ని కూడా అనుమానిస్తారు.

అసలు ఎయిమ్స్ కోసం డిగ్రీ దాకా ఆగక్కర్లేదు. అక్కడి నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్‌సెట్ పరీక్షను జీఎన్ఎం వాళ్లూ రాయొచ్చు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండి, కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే సరిపోతుంది. కానీ అక్కడ వయసు పరిమితి 30, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. అంటే నువ్వు ఇప్పుడు కాలేజీలో చేరి రెండేళ్లు పోగొట్టుకుంటే ఆ డిగ్రీ చేతికొచ్చేసరికి పరీక్షకే అర్హత పోవచ్చు! ముందు వచ్చే నోటిఫికేషన్‌కే రాయి. మన రాష్ట్రంలో 2024లో వచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌కు కూడా జీఎన్ఎం వాళ్లు అర్హులే.

అలాగని డిగ్రీ వద్దనడం లేదు. ఎమ్మెస్సీ చేయాలన్నా, నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా అది ఉండాల్సిందే. నేనూ జీఎన్ఎం తర్వాతే పోస్ట్ బేసిక్ చేశాను. అప్పటికి మా పాపకు మూడేళ్లు, అమ్మ దగ్గర వదిలి హాస్టల్లో ఉన్నాను, రాత్రుళ్లు ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఏళ్ల తరబడి చేతులకు అలవాటైపోయిన పనులు ఎందుకలా చేయాలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ క్లాసుల్లో కూర్చున్నాకే నాకు అర్థమైంది. కాలేజీకి వెళ్లకుండా తెచ్చుకునే సర్టిఫికెట్‌తో అది రాదమ్మా.

ఉద్యోగం మానలేని నీలాంటి వాళ్ల కోసం దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో పోస్ట్ బేసిక్ కోర్సు ఉంది. కనీసం మూడేళ్లు పడుతుంది, ఎంట్రన్స్ రాయాలి, ఇంటర్, జీఎన్ఎం చేసినవాళ్లకు రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం అడుగుతారు. దూరవిద్యే అయినా ప్రాక్టికల్స్‌కు సెంటర్‌కి వెళ్లి తీరాలి, కాబట్టి సెంటర్ ఎక్కడ పడుతుందో, సెలవులు దొరుకుతాయో లేదో ముందే చూసుకో. తర్వాతెప్పుడైనా రెగ్యులర్‌గా చదివే వీలు కుదిరితే వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసి కన్వీనర్ కోటాలో ప్రయత్నించు.

ఈ వారమే ఒక పని చెయ్యి. చేరిన తేదీ, పనిచేసే విభాగం, ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో రాయించి, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో అనుభవ పత్రం తీసుకో. మానేశాక అడిగితే నెలల తరబడి తిప్పించుకునే చోట్లు నాకు తెలుసు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ దాటిపోయిందేమో కూడా చూసుకో.