మామయ్యగారి పాత జనరేటర్‌కి 8,500 పెట్టొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. పాలప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీమ్ అమ్మే చిన్న కొట్టు నడుపుతున్నాను. మా మామయ్యగారు 1990ల్లో కొన్న 2 కేవీఏ జనరేటర్ ఒకటుంది. పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడిచే రకం. నాలుగేళ్లుగా మూలన పడి ఉంది. మెకానిక్ చూసి కార్బొరేటర్, పిస్టన్ రింగులు, వైండింగ్ (కరెంటు పుట్టించే రాగి చుట్టలు) అన్నీ కలిపి 8,500 అవుతుందన్నాడు. కొత్తది 58 వేలట, వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. మా అబ్బాయేమో జనరేటరే వద్దు, 26 వేలు పెట్టి ఇన్వర్టర్ తీసుకుందాం అంటాడు. 70 వేల ఎఫ్‌డీ తప్ప మాకు వేరే పొదుపు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. రేపు ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే మీకున్న దిక్కు అదే. అందులోంచి 58 వేలు తీస్తే మిగిలేది 12 వేలు. వాయిదాలతో కొన్నా తేడా పెద్దగా ఉండదు. వడ్డీ లేదంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు వేస్తారు, రొక్కానికి కొంటే వచ్చే తగ్గింపు ఎగిరిపోతుంది, పైగా నెలకు 4,800 పైచిలుకు గల్లాలోంచి తీసి కట్టాలి. అమ్మకాలు పడిపోయే వానాకాలంలో కూడా.

ఇక జనరేటర్. ఏది కొనాలి అని కాదు, ఏడాదిలో ఎన్ని గంటలు తిప్పుతారు అని మొదట ఆలోచించండి. మామూలు రోజుల్లో మీకు కరెంటు పోయినా గంటో రెండు గంటలో అనుకుంటాను. మూత తీయకపోతే ఫ్రీజర్‌కి అదొక లెక్క కాదు. మీ భయం ఆ కోతల గురించి కాదనుకుంటాను, 2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ లాంటి దాని గురించి. ఆ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడిచెట్లతో పాటు స్తంభాలూ నేలకొరిగి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటిది ఏటా రాదు. వచ్చినప్పుడు మాత్రం కరెంటు వారం లెక్కన పోతుంది.

సరుకు విలువ మీరు రాయలేదు. ఫ్రీజరూ కూలరూ నిండా ఉంటే 18 వేలు అనుకుందాం. ఐదేళ్లకోసారి మొత్తం పాడైందనుకున్నా ఏడాదికి పడేది 3,600. దాన్ని కాపాడుకోవడానికి 58 వేలు పెట్టడం గిట్టదు. 8,500 అయితే గిట్టుతుంది, కానీ ఆ అంకెను ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. ఇంజనే స్టార్ట్ చేయకుండా వైండింగ్ పోయిందని ఎలా తేల్చాడు? అడగండి. పని విడతలుగా చేయించండి, విడతకో రేటు మాట్లాడుకోండి.

మొదటి విడత వెయ్యి, పదిహేను వందల్లో తేలాలి. నాలుగేళ్లు నిలవ ఉన్న పెట్రోలు ఆవిరై కార్బొరేటర్ గిన్నె అడుగున జిగురులా పేరుకుంటుంది. ఇంజన్‌కి పెట్రోలు అందించే జెట్‌కి వెంట్రుకంత సన్నటి రంధ్రం ఉంటుంది, అది దాంతోనే మూసుకుపోతుంది. నిలవ ఉంచిన పాత జనరేటర్లు మొరాయించడానికి ఎక్కువగా ఇదే కారణం. గిన్నె విప్పి క్లీనర్ కొట్టించి, సన్నటి రాగితీగ పోగుతో జెట్ శుభ్రం చేయించాలి. గుండుసూదితో పొడిచే మెకానిక్ అయితే ఆపండి. జెట్ ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే ఆ తర్వాత పెట్రోలు తాగుతూనే ఉంటుంది. పాత రబ్బరు పైపులు తీయించేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఆ కాలం రబ్బరు ఉబ్బి పగులుతుంది. కొత్త ప్లగ్గు, కొత్త ఇంజనాయిల్ వేసి తాడు లాగించండి. తాడు లాగుతుంటే చేతికి ఎదురుతన్నుతున్నట్టు ఉంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బలం, ఉన్నట్టే. స్టార్టయ్యాక కాసేపటికీ నీలం పొగ ఆగకపోతే రింగుల మాట అప్పుడు మాట్లాడొచ్చు.

ఇంజన్ తిరిగి కరెంటు రాకపోతే? అప్పుడూ వెంటనే రివైండింగ్‌కి ఒప్పుకోకండి. ఏళ్ల తరబడి కదలని ఆల్టర్నేటర్‌లో (కరెంటు పుట్టించే భాగం) మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంతం పోతుంది. తెలిసినవాడు 12 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించి దాన్ని తెప్పిస్తాడు. తర్వాత కెపాసిటర్, లేదా మోడల్‌ని బట్టి కార్బన్ బ్రష్‌లు చూడాలి, వందల్లో పోయే ఖర్చు. ఇవన్నీ అయ్యాక కూడా వైండింగే కాలిందని మీటరు పెట్టి చూపిస్తే మొత్తం ఖర్చు మళ్లీ లెక్కేయండి. 12 వేలు దాటేట్టుంటే నేనైతే ఆపేస్తాను. మామయ్యగారి మీద అభిమానం వేరు, ఆ వయసు యంత్రానికి విడిభాగాలు దొరకడం వేరు.

బాగయ్యాక పెట్రోలు మీదే నడపండి. కిరోసిన్ రేషన్‌లో వచ్చే రోజులు పోయాయి, బయట కొని పోయడంలో మిగులు లేదు. పైగా అది ఇంజనాయిల్‌లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఈ సైజు మిషన్ లీటరు పెట్రోలుకి ఒకటిన్నర, రెండు యూనిట్లకు మించి ఇవ్వదు. లీటరు 110 అనుకుంటే యూనిట్ 55 నుంచి 75 రూపాయలు. అందుకే రోజంతా నడపొద్దు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడిపి, మధ్యలో ఫ్రీజర్ మూత తీయకుండా పైన గోనెసంచులు కప్పండి. రోజుకి మూడు లీటర్లు, సుమారు 330 రూపాయలు. ఐస్‌క్రీమ్ ఈ పద్ధతికి పూర్తిగా నిలవదు, మెత్తబడుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే దాన్ని తగ్గించి అమ్మేసి, ఆ ఖాళీలో నీళ్ల ప్యాకెట్లు గడ్డకట్టించి పెట్టుకోండి. ఫ్రీజరూ కూలరూ ఒకేసారి ఆన్ చేయొద్దు. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే మూడు నుంచి ఐదింతల కరెంటు లాగుతుంది. ఒకటి కుదురుకున్నాక రెండోది వేయండి.

మీరు అడగలేదు గానీ ఇంకో ఖర్చుంది, అది తప్పనిసరి. చేంజోవర్ స్విచ్, అంటే లైను కరెంటు, జనరేటర్ కరెంటు రెంటిలో ఒకదాన్నే కొట్టుకి కలిపే మీట. ఎలక్ట్రీషియన్ కూలితో కలిపి రెండు, మూడు వేలు పట్టొచ్చు. రెండువైపులా ప్లగ్గున్న వైరుతో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే పద్ధతి మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెక్కి 11 వేల వోల్టులవుతుంది. తెగిన లైను కలుపుతున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అలాగే వాన కొడుతోందని జనరేటర్‌ని కొట్టులోకి లాగి, షట్టర్ సగం దించి నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బయట చూరు కింద, తలుపులకీ కిటికీలకీ దూరంగా పెట్టండి.

మీ అబ్బాయి మాట తీసిపారేయను. రోజూ రెండు మూడు గంటలు కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టరే కొనమనేవాణ్ని. కానీ 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి మీ ఫ్రీజర్నీ కూలర్నీ నాలుగైదు గంటలు లాగితే గొప్ప. ఆ తర్వాత దాన్ని ఛార్జ్ చేయడానికి కరెంటే లేదు కదా! పైగా నాలుగైదేళ్లకోసారి బ్యాటరీ మార్చాలి, అదే 15 వేలు.

మిషన్ బాగయ్యాక దాని పోషణకి ఏడాదికి రెండు వేలు పక్కన పెట్టండి. నెలకోసారి లోడు వేసి పావుగంట నడపడం, ఆపేటప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా తిరగనివ్వడం, ఆర్నెల్లకోసారి ఆయిల్ మార్చడం, అంతే. ఆగిపోయిన మిషన్‌లో పెట్రోలు నిలవ ఉంచొద్దు. ఈ రెండు వేలు భారమనిపిస్తే నెలకు 170 కింద చూడండి.

దీనితోపాటు పోస్టాఫీసులో నెలకు 500 ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లకి 35 వేలు దాటుతుంది. ఈ జనరేటర్ పూర్తిగా చేతులెత్తేసే నాటికి కొత్తదానిలో సగానికి పైగా మీ చేతిలో ఉంటుంది. కొట్టుకి బీమా ఉంటే ఏజెంటుని ఒక మాట అడగండి. తుఫానుకి ఫ్రీజర్ దెబ్బతింటే సాధారణంగా ఇస్తారు. కరెంటు లేక సరుకు చెడిపోతే మాత్రం దానికి విడిగా కవర్ తీసుకుని ఉండాలి.

రిపేరు ఆగస్టులోపే చేయించండి. అక్టోబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిన రోజున మెకానిక్ ఫోనెత్తడు, బంకు దగ్గర క్యూ రోడ్డు మీదికి వస్తుంది.