పసుపు కార్డు సరే, దోమతెర సంగతేంటి?

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. ఉగాండా రాజధాని కంపాలాలో అకౌంటెంటు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలాఖరుకి చేరమన్నారు. భార్యనీ ఏడు నెలల పాపనీ కూడా తీసుకురావాలని ఉంది. ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ వేయించుకుంటే చాలా? మలేరియా మాకు కొత్తేం కాదు, చిన్నప్పుడు నాకు రెండుసార్లు వచ్చింది.

జవాబు: ముందు సూది సంగతి తేల్చేద్దాం తమ్ముడూ, అది తేలిక. ఉగాండా ఈ-వీసాకి ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్, అదే పసుపు కార్డు, అప్‌లోడ్ చెయ్యాలి, ఎంటెబ్బె ఎయిర్‌పోర్టులో కార్డు చేతిలో ఉండాలి. వీధి చివర క్లినిక్‌లో వేయించుకుంటే చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలు కొన్నే ఉన్నాయి: హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), మీ వైపు విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసు. టీకా సీసా ఒకసారి కలిపితే కొన్ని గంటల్లో వాడెయ్యాలి గనక పదిమందిని పోగేసుకుని వేస్తారు, ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్ళండి. వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది, 2016 జూలై నుంచి రూలు అదే. కార్డు ఇవ్వగానే అక్కడే నిలబడి పాస్‌పోర్టు నంబరు అంకె అంకె సరిచూసుకోండి. నా కార్డులో 8 బదులు 3 పడింది. బస్సెక్కాక చూసుకున్నాను, దిద్దించుకునేసరికి ఒక పూట పోయింది.

ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు కూడా ఇదే కార్డు చూస్తారు, లేకపోతే ఆరు రోజులు క్వారంటైన్. మన దేశంలో ఆ జ్వరం లేదు గానీ దాన్ని మోసే దోమ ఇంటింటా ఉంది, డెంగ్యూ దోమే. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, టెటనస్ ఎవరూ అడగరు, అయినా అదే విడతలో డాక్టరుని అడిగి వేయించుకోండి.

ఇక మీ చివరి మాట. మా ఆయన కూడా అచ్చం ఇలాగే అన్నారు. చిన్నప్పుడు వచ్చింది ఇప్పుడు కాపాడదు. ఆ కాస్త నిరోధక శక్తి ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. పైగా మీకు వచ్చింది వైవాక్స్, అంటే కాస్త తేలిక రకం మలేరియా, అయ్యుండొచ్చు. మేముంటున్న ఈ ఉగాండాలో దాదాపు అంతా ప్రాణాల మీదకి తెచ్చే ఫాల్సిపారం రకమే, మన ఏజెన్సీలో మనుషుల్ని తీసుకెళ్ళేది అదే. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో పట్టుకుంది మన సికింద్రాబాద్‌లోనే. అందుకేనేమో మనకి దాంతో ఇంత చనువు!

మేం వచ్చిన రెండో ఏడు సంక్రాంతికి కాకినాడ వెళ్ళాం. భోగి మర్నాడు ఆయనకి చలిజ్వరం. పక్క వీధి డాక్టరు వైరల్ అని మాత్రలిచ్చి పంపేశారు. ఆఫ్రికా నుంచి వచ్చామని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. మూడో రోజు మా అత్తగారు గంజి పట్టుకెళ్తే, కన్నతల్లిని పట్టుకుని ‘న్యాబో’ అన్నారు. లుగాండాలో ‘మేడమ్’ అని అర్థం. కళ్ళు పసుపుపచ్చ. పెద్దాసుపత్రిలో రక్తపు చుక్క స్లైడు మీద చూస్తే ఫాల్సిపారం. నాలుగు రోజులు ఐసీయూ.

అందుకే మొదటి ఆరు నెలలైనా మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు మానకండి. క్లోరోక్విన్ ఇక్కడ పనిచెయ్యదు. అటోవాకోన్-ప్రోగ్వానిల్ అయితే బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టి రోజూ వేసుకోవాలి, ఉగాండా వదిలి వెళ్ళాక ఇంకో ఏడు రోజులు. డాక్సీసైక్లిన్ చవక, కానీ వెళ్ళాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, ఎండకి చర్మం మండుతుంది. మెఫ్లోక్విన్ వారానికొకటే గానీ కొందరికి పీడకలలు, దిగులు తెస్తుంది. మీకేది నప్పుతుందో డాక్టరే చెప్పాలి. ఏళ్ళ తరబడి ఇక్కడున్న మేం రోజూ మాత్ర మింగం, నిజమే. కానీ చీకటి పడేసరికి నిండు చేతుల చొక్కా, పడుకునేటప్పుడు అంచులు పరుపు కిందకి దోపిన తెర. ఒళ్ళు వెచ్చబడితే అదే రోజు రక్తపరీక్ష. డోలో వేసుకుని పడుకోవడం ఉండదు. కంపాలా ఎత్తు మీద చల్లగా ఉంటుంది, దోమలుండవు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

పాప విషయంలో మాత్రం నా మాట వినండి. తొమ్మిది నెలలు నిండందే ఎల్లో ఫీవర్ టీకా వెయ్యరు. ఏడాదిలోపు పిల్లలకి ఉగాండా కార్డు అడగదు గనక ఎక్కించుకుని వచ్చెయ్యొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కానీ మలేరియా అంత చిన్నపిల్లల్నే ముందు పట్టుకుంటుంది. మీరు ముందొచ్చి, కిటికీలకి జాలీలు ఉన్న ఇల్లు చూసుకుని, పాపకి టీకా పడ్డాక ఇద్దర్నీ పిలిపించుకోండి. ఆ కొద్ది నెలలు వీడియో కాల్‌తో గడుస్తాయి.

దోమతెరలు ఇక్కడా దొరుకుతాయి గానీ, మొదటి రాత్రి మిమ్మల్ని ఏ గదిలో దింపుతారో తెలీదు కదా. మందు పట్టించిన తెర ఒకటి కొని సూట్‌కేసులో పైనే పెట్టుకోండి. ఆవకాయ సీసా దాని కింద.